టమాటా మొదట్లో సెలవు చీటీలు

ఆ ఆదివారానికి ఇల్లాలు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరింటికి మొక్కలకు నీళ్ళు పెట్టాలి. ఆరున్నరకు మొదళ్ళ చుట్టూ ఎండాకులు పరవాలి. పదింటికి డైరెక్టరుగారు పెరడు చూడ్డానికి వచ్చేసరికి పద్నాలుగు టమాటా మొక్కలూ తలలెత్తి నిలబడి ఉండాలి. వీటిలో ఏ పనికీ ఆవిడకు ఎవరి సాయమూ అక్కర్లేదు. కానీ మగమనిషి ఇంట్లో ఉండగా ఏదో ఒకటి చెప్పకపోతే చిన్నబుచ్చుకుంటాడని, ఎండాకులు తెచ్చే పని మాత్రం భర్తకు అప్పగించింది. పథకం అక్కడే దెబ్బతింది.

డైరెక్టరుగారు ఒక ఇంటి పెరడు చూడ్డానికి రావడం ఏమిటంటే, దానికో కథ ఉంది. ఆఫీసు క్వార్టర్స్‌లో పన్నెండు ఇళ్ళు, పన్నెండు పెరళ్ళు. పదకొండు పెరళ్ళలో కాళ్ళు విరిగిన కుర్చీలు, చక్రాలు లేని సైకిళ్ళు, ఎప్పటికైనా పనికొస్తాయని దాచిన టైర్లు ఏపుగా పెరుగుతున్నాయి. పన్నెండో పెరట్లో మాత్రం మొక్కలున్నాయి. డైరెక్టరుగారు ఈ పరిస్థితిని లోతుగా పరిశీలించి, పెరళ్ళన్నీ నిరుపయోగంగా ఉన్నందువల్ల చదును చేయించి, సిమెంటు పోయించి, కార్ల షెడ్డు కట్టించాలని నోటు రాశారు. క్వార్టర్స్ మొత్తానికీ కార్లు రెండే. రెండూ పక్క వీధి బంగళాలో ఉండే ఆయనవే.

ఇల్లాలు ఊరుకోలేదు. మా పెరట్లో తోట ఉంది, దాన్ని వదిలేయమని ఒక ఉత్తరం రాసింది. "ఆదివారం పది గంటలకు వచ్చి చూస్తాను. తోట అనదగ్గది ఉంటే ఆలోచిస్తాను" అని జవాబు వచ్చింది. 'అనదగ్గది' అన్న ఆ ఒక్క మాట ఆవిడ గుండెల్లో ముల్లులా దిగబడింది. ఎందుకంటే కుళాయి నీళ్ళు రోజు విడిచి రోజు, అదీ అరగంట వస్తున్నాయి. పొద్దున నిండుగా కనిపించే టమాటా మొక్కలు తొమ్మిది దాటేసరికి మెడలు వేలాడేస్తున్నాయి. పది గంటలకు చూసినవాడు ఎవడైనా వాటిని తోట అనడు, వైద్యశాల అంటాడు.

వ్యవసాయ కళాశాలలో పనిచేసే పాత స్నేహితురాలు ఫోనులో ఉపాయం చెప్పింది. "మల్చింగ్ చెయ్యవే. మొదలు చుట్టూ ఎండాకులో, గడ్డో, కాగితమో మందంగా కప్పెయ్. తడి లోపలే ఉంటుంది. కాండానికి రెండు వేళ్ళ దూరం వదులు. పరిచాక దాన్ని కూడా బాగా తడుపు, లేకపోతే ఎగిరిపోతుంది." ఇంతే సంగతి. ఈ నాలుగు మాటలూ ఇల్లాలు భర్తకు ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన ఆఫీసులో రికార్డు సెక్షను సూపరింటెండెంటు. ఏ సమాచారాన్నయినా భద్రంగా దాచడమే తప్ప వాడడం అలవాటు లేని మనిషి.

శనివారం సాయంత్రం ఆయన స్కూటరు మీద రెండు గోనెసంచులు వేసుకుని, యుద్ధం గెలిచి వచ్చినవాడిలా దిగారు. సంచి మూతి విప్పితే లోపల తెల్లగా, సన్నగా, వేలెడు వెడల్పున కాగితపు చీలికలు.

"ఇవేంటండీ?"

"మల్చింగ్."

"నేను ఎండాకులు తెమ్మన్నాను."

"ఎండాకుల కోసం చెట్ల కింద వంగి ఏరుకుంటూ కూర్చుంటానా, సూపరింటెండెంటునై ఉండి? ఇది ఆఫీసులో కొత్త మిషను చీల్చిన కాగితం. ఇరవై ఏళ్ళ చెత్త వదిలించమని ఆర్డరు. కాగితం ఎక్కణ్ణుంచి వస్తుంది? చెట్టు నుంచి. ఆకు ఎక్కణ్ణుంచి వస్తుంది? చెట్టు నుంచే. ఇంక తేడా ఏముంది?"

"మీరూ మీ తమ్ముడూ ఒకే ఇంట్లోంచి వచ్చారు. తేడా లేదూ?"

ఈ ప్రశ్న ఫైలులో చేరకుండానే మూసివేయబడింది. ఇల్లాలు స్నేహితురాలి మాటలు గుర్తుచేసుకుంది. కాగితమైనా పరవాలేదందిగా. సరే, ఇంటాయన మొదటిసారి తోటకు పనికొచ్చే వస్తువు తెచ్చాడు కదా అని కొంచెం సంతోషించింది కూడా. ఆ సంతోషం తెల్లారి ఏడు గంటల వరకూ నిలిచింది.

ఆదివారం ఆరింటికి ఆవిడ పట్టి ఉంచిన నీళ్ళు మొక్కలకు పోసింది. భార్యాభర్తలిద్దరూ కలిసి చీలికలు పరిచారు. వరుసలన్నీ తెల్లగా, ఉతికిన దుప్పటి పరిచినట్టు అయ్యాయి. పొయ్యి మీద పాలు గుర్తొచ్చి ఇల్లాలు లోపలికి పరిగెడుతూ, "దాని మీద రెండు చెంబులు నీళ్ళు చిలకరించండి" అని చెప్పింది. సూపరింటెండెంటు చెంబు చేత్తో పట్టుకుని ఆలోచించారు. నీళ్ళు ఆదా చేయడానికి వేసినదాని మీద మళ్ళీ నీళ్ళు పోయడమేమిటి? ఇది ఖర్చు తగ్గించడానికి పెట్టిన కమిటీకి భత్యం ఇచ్చినట్టు ఉంది. ఆడవాళ్ళకు తర్కం ఉండదనుకుని, చెంబులో నీళ్ళు తిరిగి బకెట్‌లో పోసి, నీళ్ళను కాపాడిన తృప్తితో పేపరు పట్టుకుని కూర్చున్నారు.

ఈలోగా ఆయన తల్లి, అంటే ఇంటి అత్తగారు, కళ్ళజోడు తగిలించుకుని స్టూలు తెచ్చుకుని పెరట్లో కూర్చున్నారు. ఆవిడకు చదవడం వ్యసనం. అక్షరం కనిపిస్తే వదలరు. సబ్బు డబ్బా, మందు సీసా, గ్యాసు సిలిండరు, ఏదీ మినహాయింపు కాదు. కరెంటు మీటరు మీద రాసిన ప్రమాద హెచ్చరిక ఆవిడకు కంఠతా వచ్చు. అలాంటి మనిషి ముందు ఎవరో ఒక తోటంత చదువు పరిచిపెట్టారు.

ఇక్కడ ఆ మిషను సంగతి చెప్పుకోవాలి. కాగితాన్ని నిలువుగా పెడితే అది పంక్తులను అడ్డంగా కోసి, ఏ అక్షరం ఎవరిదో తెలియకుండా చేస్తుంది. కాకపోతే ఆలస్యం. కాగితాన్ని అడ్డంగా పెడితే రెండు రెట్లు తొందరగా పనవుతుంది. కాకపోతే ఒక్కో చీలికలో ఒక్కో పంక్తి చెక్కుచెదరకుండా బయటికి వస్తుంది. మిషను దగ్గర కూర్చున్న అటెండరు నాలుగు నెలల్లో రిటైరవుతున్న మనిషి. ఏ పద్ధతి ఎంచుకుని ఉంటాడో ఊహించడానికి రికార్డులు తిరగేయనక్కర్లేదు.

"ఒరేయ్, ఒకసారి ఇలా రా" అని పిలిచారు అత్తగారు.

"ఏంటమ్మా?"

"నేను ఎప్పుడు పోయాన్రా?"

"ఎక్కడికి?"

"పైకి."

సూపరింటెండెంటు పేపరు దించారు. తల్లి ఒక చీలికను వెలుతురుకు ఎత్తిపట్టి, నిదానంగా, పలుకు పలుకూ స్పష్టంగా చదివారు. "'మా తల్లిగారు నిన్న సాయంత్రం హఠాత్తుగా స్వర్గస్థులైనందున నాలుగు రోజులు...' ఇక్కడితో తెగింది. ఇది నీ రాతే. 'ల'కి ఇలా తోక వేలాడేసేది భూమ్మీద నువ్వొక్కడివే. చిన్నప్పుడు చేతి మీద ఎన్ని కొట్టినా మానలేదు."

"అమ్మా, అది... ఆ రోజుల్లో సెలవు దొరికేది కాదమ్మా. ఒంట్లో బాగాలేదంటే డాక్టరు సర్టిఫికెట్ అడిగేవాళ్ళు. ఇలా రాస్తే ఏమీ అడిగేవాళ్ళు కాదు."

"ఆగు, ఇంకోటుంది. 'మా మాతృమూర్తి ఆకస్మికంగా పరమపదించిన కారణంగా...' ఇదీ నీ తోకే. అంటే రెండోసారి కూడా పోయానన్నమాట. పోనీ ఒక్కసారైనా కాస్త జబ్బుపడి, నలుగురి చేత చేయించుకుని పోనివ్వకూడదుట్రా? రెండుసార్లూ హఠాత్తుగానేనా?"

పాలగిన్నె దించి గుమ్మంలోకి వచ్చిన ఇల్లాలికి చావుల మీద అంత ఆసక్తి కలగలేదు. నాలుగు రోజుల మీద కలిగింది.

"నాలుగు రోజులా? ఏ నాలుగు రోజులండీ? పెళ్ళయిన ఏడాది క్యాంపు అని పెట్టె సర్దుకుని వెళ్ళారే, అవా?"

"క్యాంపే. కాకపోతే... స్నేహితులం నలుగురం... జలపాతం దగ్గర."

"అత్తయ్య పోయారని సెలవు పెట్టి జలపాతం చూడ్డానికి వెళ్ళారా?"

"నాకు నీళ్ళొదలడానికి వెళ్ళుంటాళ్ళేమ్మా" అన్నారు అత్తగారు మరో చీలిక ఏరుతూ.

సరిగ్గా అప్పుడే గాలి లేచింది. తడిపిన కాగితమైతే కదిలేది కాదు. నీళ్ళ చుక్కను కూడా వృథా చేయని ఒక మనిషి పుణ్యమా అని చీలికలన్నీ ఒక్కసారిగా పైకి లేచి, పిట్టగోడ దాటి, పక్కింట్లో ఆరేసిన దుప్పట్లకు అంటుకున్నాయి. కొన్ని ఆ పక్కింటికీ, ఆ పై పక్కింటికీ వెళ్ళాయి. ఆఫీసులో ఒక కాగితం ఈ బల్ల నుంచి ఆ బల్లకు వెళ్ళడానికి వారం పడుతుంది. పెరట్లో మాత్రం అర నిమిషంలో పన్నెండు ఇళ్ళకూ బట్వాడా అయిపోయింది.

కాసేపటికి గోడ మీదుగా పక్కింటావిడ తల కనిపించింది. ఆవిడ భర్త అదే ఆఫీసులో అకౌంటెంటు. చేతిలో ఒక చీలిక ఉంది.

"వదినా, ఇది మీ పెరట్లోంచేనా వచ్చింది?"

"మొక్కలకు వేశాం వదినా. గాలికి ఎగిరింది. ఏమనుకోకండి."

"నేనేం అనుకోవడంలేదు. అనుకున్నదంతా ఇందులోనే రాసుంది. వినండి. 'ఇంట్లో ఆవిడ నోటికి జడిసి వేళకు బయల్దేరలేకపోతున్నానని మనవి.' ఇది మా ఆయన రాసిందేనంటారా?"

"పేరు లేదు కదా వదినా."

"పేరెందుకు? నోరుందిగా!"

లోపల్నుంచి అకౌంటెంటు గొంతు వినిపించింది. "అది నేను రాయలేదు! నేనైతే 'జడిసి' అని రాయను, 'భయపడి' అని రాస్తాను!"

"చూశారా, ఎలా రాయాలో కూడా ముందే ఆలోచించి పెట్టుకున్నారు!" అంటూ ఆవిడ తల గోడ వెనక మాయమైంది. తర్వాత పక్కింట్లోంచి వినిపించిన సంభాషణ ఆ చీలికలోని వాక్యం ఎవరు రాసినా నిజమే రాశారని రుజువు చేసింది.

ఎనిమిదిన్నరకల్లా క్వార్టర్స్ క్వార్టర్సంతా పెరటి గేటు దగ్గర ఉంది. గొడవేమిటంటే, ఆ సంచుల్లో ఉన్నవి ఒక్క సెలవు చీటీలు మాత్రమే కావు. పై అధికారులు కింది ఉద్యోగుల గురించి ఏటా గుట్టుగా రాసిన రిపోర్టులు కూడా ఉన్నాయి. చీలికకు ఒక పంక్తి చొప్పున ఉన్నందువల్ల ఏ పంక్తిలోనూ పేరు లేదు. పేరు ఉంటే ఒక్కడికే బాధ. లేకపోవడంతో అందరికీ పంచుకునే వీలు దొరికింది. 'పనిలో నిదానం, భోజనంలో వేగం' అన్న చీలికను చదివిన ఏడుగురు ఇది ఫలానా వాడిది అని ఏడు పేర్లు చెప్పారు. 'సమర్థత ఉంది, పై పదవికి అన్నివిధాలా అర్హత ఉంది' అన్నది దొరికినప్పుడు మాత్రం ఏడుగురూ ఒకటే మాట చెప్పారు.

"అది నాదండీ! ఆ ఏడాది నేను రెండు సెక్షన్లు చూశాను" అన్నాడు అకౌంటెంటు.

"రెండు సెక్షన్లూ చూశారు. పని మేం చేశాం" అంది టైపిస్టు. బిగ్గరగా టైపు కొట్టీ కొట్టీ బిగ్గరగానే మాట్లాడ్డం అలవాటైన మనిషి. "ఇలా ఇవ్వండి, నా గురించి మంచిమాట ఆఫీసులో మొదటిసారి కనిపించింది."

ఆవిడ ఒక చివర పట్టుకుంది. ఆయన రెండో చివర పట్టుకున్నాడు. చీలిక 'సమర్థత' దగ్గర తెగింది. తెగిన ఊపుకు అకౌంటెంటు వెనక్కి పడ్డాడు. పడ్డం పడ్డం మూడో వరుస చివరి టమాటా మొక్క మీద పడ్డాడు. టప్పుమని కాండం విరిగింది. దానికి అయిదు కాయలున్నాయి. పచ్చివి.

ఇల్లాలు విరిగిన మొక్క వైపు చూసింది, తర్వాత గుమ్మంలోంచి కనిపించే గోడ గడియారం వైపు చూసింది. ఎనిమిదీ యాభై. చుట్టూ ముప్ఫై కాళ్ళు. ఎగిరిపోగా మిగిలిన కాగితం కింద నేల అప్పుడే పొడిబారుతోంది. మిగిలిన పదమూడు మొక్కలూ తలలు దించడం మొదలుపెట్టాయి. ఇంకో గంటలో డైరెక్టరు వస్తాడు. చూస్తాడు. ఆయన వెనకే సిమెంటు వస్తుంది. ఆవిడ ఏడవలేదు. ఏడిస్తే ఓదార్చడానికి ఇంకో నలుగురు లోపలికొచ్చి ఇంకో నాలుగు మొక్కలు తొక్కుతారని తెలుసు. వంటింట్లోంచి పెద్ద గరిటె తెచ్చి రేకు తలుపు మీద మోగించింది.

"ఇదిగో వినండి. ఎవరి చీలిక వాళ్ళకు కావాలి, అంతేనా?"

"అంతే వదినా" అంది పక్కింటావిడ.

"అయితే ముందు అందరూ గేటు బయటికి నడవండి. మీ ఇళ్ళకు ఎగిరొచ్చినవన్నీ ఏరుకురండి. లోపలికి రావాలంటే మనిషికి ఒక బకెట్ నీళ్ళు. నీళ్ళు లేనివాళ్ళకు చదువు లేదు."

"బకెట్ నీళ్ళే! మాకు స్నానాలకే లేవమ్మా" అన్నాడు అకౌంటెంటు.

"స్నానం రేపైనా చేయొచ్చు అన్నయ్యగారూ. ఆ 'భోజనంలో వేగం' సంగతి ఇవాళ తేలకపోతే రేపు ఆఫీసులో ఏమంటారో మీకే తెలియాలి."

బకెట్లు రావడం మొదలైంది. ఇల్లాలు వరుసల మధ్య చెక్కపలకలు వేసి, పలకల మీదే కూర్చోవాలని, మట్టి మీద అడుగు పెట్టకూడదని, చీలిక చదివాక మళ్ళీ మొక్క మొదట్లోనే వేయాలని, కాండానికి రెండు వేళ్ళ దూరం వదలాలని, మధ్యలో కలుపుమొక్క కనిపిస్తే పీకాలని నిబంధనలు పెట్టింది. తనది దొరికినవాడు నీళ్ళు పోసి సిరా చెరిపేసుకోవచ్చు. ఈ చివరి నిబంధనకు మంచి స్పందన వచ్చింది. కొందరు రెండో బకెట్ కోసం ఇంటికి పరిగెత్తారు. టైపిస్టు మూడు బకెట్లు మోసింది, ఎందుకో ఎవరూ అడగలేదు. ఆ క్వార్టర్స్‌లోని ఉద్యోగులు ఒక పని ఇంత శ్రద్ధగా, ఇంత నిశ్శబ్దంగా, ఒకరి వెనక ఒకరు కూర్చుని చేయడం ఇదే మొదలు.

పది కొట్టేసరికి మొదళ్ళు తడితో నల్లగా నిగనిగలాడుతున్నాయి. పైన కాగితం తడిసి ముద్దయి నేలకు అతుక్కుంది. పదమూడు టమాటా మొక్కలూ కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళలా నిటారుగా నిలబడ్డాయి.

డైరెక్టరుగారి కారు ఆగింది. సతీసమేతంగా ఎటో ప్రయాణం పెట్టుకుని దారిలో దిగారు. గేటు లోపల తన సిబ్బంది మొత్తం మొక్కల మధ్య గొంతుక్కూర్చుని కలుపు తీస్తున్న దృశ్యం చూసి ఆయన అడుగు ఆగిపోయింది.

"ఏంటయ్యా ఇది? ఒక సంతకం పెట్టమంటే పది రోజులు పడుతుంది మీకు. ఆదివారం పూట తోటపనా?"

"తోట అనదగ్గది ఉంటే ఆలోచిస్తానన్నారు కదండీ" అంది ఇల్లాలు.

"చూశాను. బాగుంది. ఆ మాట చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. కానీ నా కోసం వేసిన నాటకమని నాకు తెలుసు. షెడ్డు షెడ్డే. రేపు పొద్దున్నే మనుషులొచ్చి తవ్వుతారు."

ఇల్లాలి చేతిలోని చెంబు కిందికి జారింది. పొద్దుటినుంచి పడిన పాటు, మోయించిన బకెట్లు, పోయిన ఒక మొక్క, అన్నీ 'షెడ్డే' అన్న మాట కింద పడి నలిగిపోయాయి.

డైరెక్టరుగారి చూపు మొదళ్ళ మీద పడింది. "ఈ తెల్లది ఏంటి? కాగితమా? ఆఫీసు కాగితమా? సూపరింటెండెంటుగారూ, రికార్డు రూము నుంచి ప్రభుత్వ కాగితం మీ టమాటాల దగ్గరికి ఎలా వచ్చింది? రేపు మీకు మెమో ఇస్తున్నాను. నేను ఇదే ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుగా మొదలుపెట్టినవాణ్ణి. ఒక్క గుండుసూది ఇంటికి తీసుకెళ్ళలేదు. ఒక్క దొంగ సెలవు పెట్టలేదు. మీరంతా నేర్చుకోవలసింది ఏమిటంటే..."

నేర్చుకోవలసింది ఏమిటో చెప్పకుండానే సాక్ష్యం కోసం వంగి, అత్తగారి స్టూలు పక్కనుంచి ఒక చీలిక ఏరారు. ఇంకా తడవని చీలిక. 'మా మామగారు గుండెపోటుతో కన్నుమూసినందున వారం రోజులు' అని ఉంది. రాసిన చేయి డైరెక్టరుగారికి బాగా పరిచయం. రోజూ ఫైళ్ళ మీద, తన సంతకం పైన, ఆయన చూసుకుంటున్నదే.

"ఏం రాసుందండీ అందులో?" అంది భార్య.

"ఏం లేదు. మట్టి" అని ఆయన చీలికను జేబులో పెట్టుకున్నారు.

ఆయన భుజం పక్కనే ఒక కళ్ళజోడు ఉందన్న సంగతి ఆయన గమనించలేదు.

"బాబూ, మీ మామగారు కులాసానా?" అన్నారు అత్తగారు, ఎంతో ప్రేమగా.

"మా నాన్నకేమండీ, రాయిలా ఉన్నారు!" అని డైరెక్టరు భార్య అందుకుంది. "మా దగ్గరే ఉంటారు. పొద్దున్నే నాలుగు మైళ్ళు నడిచొచ్చి, ఈయన కంటే ముందు పేపరు చదివేస్తారు. ఎందుకండీ అడిగారు?"

"ఊరికేనమ్మా. నేనూ అంతే. రెండుసార్లు పోయానుట, అయినా ఏమీ కాలేదు."

డైరెక్టరు భార్యకు అర్థం కాలేదు. సిబ్బందికి అర్థమైంది. పలకల మీద కూర్చున్నవాళ్ళందరూ ఒక్కసారిగా కలుపు పీకడంలో మునిగిపోయారు. అక్కడ అప్పటికి పీకడానికి కలుపు లేదు.

డైరెక్టరుగారు గొంతు సవరించుకుని సూపరింటెండెంటును పక్కకు పిలిచారు. "రేపు తవ్వేటప్పుడు ఈ కాగితాల సంగతేంటి?"

సూపరింటెండెంటు నిబంధనలు తప్ప మరో భాష రాని మనిషి. "మెమో ఇస్తున్నారు కాబట్టి ఇది సాక్ష్యమవుతుందండి. ప్రతి చీలికనూ ఏరి, ఆరబెట్టి, వరుసలో అతికించి, ఏ కాగితం ఎవరిదో జాబితా రాసి, హెడ్డాఫీసుకు పంపాలండి. నాలుగు ప్రతులు."

"నాలుగా?"

"ఒకటి నోటీసు బోర్డుకండి."

డైరెక్టరుగారు చాలాసేపు టమాటా మొక్కల వైపు చూశారు. వాటిని చూస్తున్నవాడిలా కాదు, వాటి కింద చూస్తున్నవాడిలా. తర్వాత ఇల్లాలి వైపు తిరిగారు. గొంతు మెత్తబడింది.

"ఇది మట్టిలో పూర్తిగా కలిసిపోవడానికి ఎంతకాలం పడుతుందమ్మా?"

ఇల్లాలు పడిపోయిన చెంబు తీసి, నిదానంగా తుడిచింది. ఇప్పుడు తొందరేమీ లేదని ఆవిడకు తెలిసిపోయింది.

"బాగా తడి ఉంటే నాలుగు నెలలు సరిపోతాయండీ. కానీ మాకు రోజు విడిచి రోజు, అదీ అరగంటేగా నీళ్ళు? ఏడాది పట్టొచ్చు. అప్పటిదాకా ఎవరు తవ్వినా చీలికలు చీలికలుగానే బయటపడతాయి, పాపం."

"పాపం" అన్నారు డైరెక్టరుగారు.

సోమవారం పదకొండు గంటలకు మూడు ఉత్తర్వులు వచ్చాయి. పచ్చదనం దృష్ట్యా పెరళ్ళ చదును నిరవధికంగా వాయిదా పడింది. సూపరింటెండెంటు ఇంటి కుళాయికి ఉదయం గంట, సాయంత్రం గంట నీళ్ళు వదలాలని ఆదేశం వెళ్ళింది. మెమోకు బదులు, వ్యర్థాన్ని వినియోగంలోకి తెచ్చినందుకు సూపరింటెండెంటుకు ప్రశంసాపత్రం వచ్చింది. దాన్ని ఇల్లాలు కాసేపు ఆసక్తిగా చూసి, మందమైన కాగితం, తొందరగా కుళ్ళదని పక్కన పెట్టేసింది. రికార్డు రూములో మిగిలిన పదహారు సంచులూ డైరెక్టరుగారి బంగళాకు చేరాయి. ఇన్నేళ్ళలో ఒక్క మొక్క కూడా నాటని ఆయన, రోజూ మామగారు నడకకు వెళ్ళగానే గొట్టం పట్టుకుని వట్టి నేలను తడుపుతున్నారని చూసినవాళ్ళు చెప్పారు.

ఇక ఇల్లాలి తోటలో టమాటాలు విరగకాశాయి. పన్నెండు ఇళ్ళకూ పంచింది. పుచ్చుకున్నవాళ్ళు ప్రతి కాయనూ తిప్పి తిప్పి చూసి గానీ లోపలికి తీసుకెళ్ళలేదు.

ఆ సంవత్సరం ఆ ఆఫీసులో ఎవరి బంధువులూ చనిపోలేదు.